పోయిన వస్తువు, వినవలసిన ఫిర్యాదు

మన దేశంలో నర్సింగ్ హోమ్ అనగానే చిన్న ప్రైవేటు ఆసుపత్రి స్ఫురిస్తుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు, దీర్ఘరోగులు సంవత్సరాల తరబడి నివసించే సంరక్షణ గృహాలకు అక్కడ ఆ పేరు. ఇల్లు విడిచి ఒక గదికి, తరచు గదిలో సగానికి, వచ్చి చేరిన మనిషికి మిగిలేవి కొద్దిపాటి వస్తువులే: కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, వినికిడి యంత్రం, పెళ్ళి ఉంగరం, నాలుగు జతల బట్టలు. వీటిలో ఒకటి పోతే నష్టం దాని వెలతో ముగియదు. పళ్ళు పోతే ఆహారం తగ్గుతుంది; వినికిడి యంత్రం పోతే మాటామంతీ కరవవుతుంది.

ప్రతి వస్తువూ దొంగతనం వల్లనే పోదు. అందరి బట్టలూ కలిపి ఉతకడంలో తారుమారవుతాయి. కట్టుడు పళ్ళు భోజనపు పళ్ళెంతోనో, మాసిన దుప్పట్లతోనో వెళ్ళిపోతాయి. మతిమరుపు వ్యాధి గలవారు పక్కవారి వస్తువును తమదనుకొని తీసుకొంటారు. దొంగతనాలూ లేకపోలేదు. ఏది జరిగిందో విచారణ వల్లనే తేలాలి. “ఎక్కడో పెట్టి మరచిపోయి ఉంటారు” అన్న ఒక్క మాటతో ఆ విచారణ మొదలుకాకుండానే ముగిసిపోయే ప్రమాదం ఉంది.

ఈ ప్రమాదాన్ని నివారించడానికే అక్కడ నిబంధనలు ఏర్పడ్డాయి. 1987 నాటి సంస్కరణ చట్టం, దాని ననుసరించిన నియమాలు, మెడికేర్, మెడికెయిడ్ పథకాల సొమ్ము పొందే గృహాలకు వర్తిస్తాయి. స్థలం ఉన్నమేరకు, ఇతరులకు ఇబ్బంది లేకుండా, సొంత వస్తువులు ఉంచుకోవడం నివాసి హక్కు. అవి పోకుండా తగు జాగ్రత్త వహించడం గృహం బాధ్యత. ఫిర్యాదును నోటిమాటగానైనా, పేరు చెప్పకుండానైనా చేయవచ్చు. దానిని విచారించడానికి ఒక అధికారి ఉండాలి. నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా పొందే హక్కు నివాసికి ఉంది. ఆ రికార్డును కనీసం 3 సంవత్సరాలు భద్రపరచాలి. వస్తువు అపహరణకు గురైనదన్న ఆరోపణ వస్తే 24 గంటలలోగా రాష్ట్ర అధికారులకు తెలపాలి. కట్టుడు పళ్ళు పోయినవారిని 3 రోజులలోగా దంతవైద్యునివద్దకు పంపే ఏర్పాటు చేయాలి.

గృహంలో న్యాయం జరగలేదనిపిస్తే నివాసుల పక్షాన నిలిచే ఆంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉంది. 1972లో ప్రయోగాత్మకంగా ఆరంభమైన ఈ వ్యవస్థను 1978లో ప్రతి రాష్ట్రానికీ తప్పనిసరి చేశారు.

అయితే నియమాలకు ప్రాణం పోసేది నిత్యాచరణ. చేరిననాడే వస్తువుల పట్టిక వ్రాసి ఇరుపక్షాలూ సంతకాలు చేయడం, బట్టలపై పేరు గుర్తువేయడం, కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా పట్టికలో చేర్చడం ఇందులో ముఖ్యం. ఫిర్యాదు అందిన వెంటనే వస్తువు చివరిసారి ఎప్పుడు కనిపించిందో అడిగి, చాకిరేవు గది, వంటగది వెదకాలి. పట్టిక ఉన్నచోట నివాసి మాటకు ఆధారం దొరుకుతుంది. నిర్దోషి అయిన పరిచారికకూ నింద తప్పుతుంది.

మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమాన్ని, 150 మందికి తగినట్లుగా, ఉద్దేశించింది. వృద్ధుల సహాయార్థం 14567 నంబరు గల జాతీయ టెలిఫోన్ సేవ 2021లో ఆరంభమైంది. ఆశ్రమాలు పెరుగుతున్నకొద్దీ ఒక పట్టిక, ఒక ఫిర్యాదు పుస్తకం ప్రతిచోటా అవసరమవుతాయి. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం. తన మాటకు విలువ ఉన్నదన్న నమ్మకం వృద్ధునికి వాటివల్ల కలుగుతుంది.