ఓటీపీని లోపల గొణుక్కుంటాం ఎందుకు?

మెసేజ్‌లో ఆరంకెలు చూసి బ్యాంకు యాప్‌లోకి వచ్చేలోపు చాలామందికి పెదవులు కదులుతాయి. కంటితో చూసినదాన్ని నోటితో పట్టుకోవడం ఎందుకు?

చూసిన అంకెలను లోపల ధ్వనిగా మార్చుకుంటాం కాబట్టి. ఆ ధ్వని జ్ఞాపకం సెకన్లలో చెరిగిపోతుంది, మళ్లీ మళ్లీ అనుకుంటేనే నిలుస్తుంది. ధ్వనిని కాసేపు ఉంచుకునే చోటు ఒకటి, దాన్ని లోలోపల వల్లె వేసే ఏర్పాటు ఇంకొకటి ఉంటాయన్నది 1974లో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ ప్రతిపాదించిన నమూనాలోంచి వచ్చిన ఆలోచన. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే మనకు వరసగా గుర్తుంటుందని తరవాతి పరీక్షల్లో తేలింది. అందుకే పొడుగు మాటలు తక్కువ నిలుస్తాయి. ‘తొమ్మిది, ఎనిమిది’ కన్నా ‘నైన్, ఎయిట్’ త్వరగా అయిపోతాయి. ఫోన్ నంబర్లు ఇంగ్లిష్‌లో చెప్పుకునే మన అలవాటుకు బడి చదువే ప్రధాన కారణం కావచ్చు గానీ, ఈ సుఖమూ లేకపోలేదు.

ఇదంతా మెదడులో ఎక్కడ జరుగుతుంది? 1993లో లండన్‌లో పౌలేజు, ఫ్రిత్, ఫ్రాకోవియాక్ పెట్ స్కానర్‌తో వెతికారు. రేడియోధార్మిక ఆక్సిజన్ కలిసిన నీటిని రక్తనాళంలోకి ఎక్కిస్తే, రక్తం ఎక్కువగా పారే చోటు యంత్రానికి తెలుస్తుంది. అయితే స్కానర్‌లో పడుకున్న మనిషి కళ్లు కూడా పనిచేస్తుంటాయి, వాటి పనిని వేరుచేయడం ఎలా? ఇక్కడే వాళ్ల తెలివంతా ఉంది. ఒకసారి ఇంగ్లిష్ అక్షరాలు గుర్తుంచుకోమన్నారు. ఇంకోసారి కొరియన్ అక్షరాలు చూపారు. కొరియన్ రానివారికి వాటిని లోపల చదవడానికి పేర్లుండవు, ఆకారాలే. మొదటిసారి వచ్చిన రక్తప్రవాహ కొలతలోంచి రెండోసారిదాన్ని తీసేశారు. మరో పరీక్షలో, కనబడే అక్షరానికి ‘బి’తో అంత్యప్రాస కలుస్తుందా అని అడిగారు. దీనికి లోపల పలకాలి గానీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పలకడం ఉన్న రెండు పనుల్లోనూ ఎడమవైపు ముందుభాగంలోని బ్రోకా ప్రాంతం చురుగ్గా ఉంది. ఎడమ చెవికి పైన, కాస్త వెనకగా ఉన్న సుప్రామార్జినల్ మడత మాత్రం గుర్తుపెట్టుకున్నప్పుడే చురుకైంది. వల్లె వేసే చోటూ, దాచుకునే చోటూ విడివిడిగా దొరికాయనిపించింది.

కథ అక్కడితో ఆగలేదు. తరవాత ఎంఆర్‌ఐతో చేసిన అధ్యయనాల్లో, చెవి వెనక భాగాన ఉన్న కొన్ని చోట్లు మాటలు వింటున్నప్పుడూ, నిశ్శబ్దంగా వల్లె వేస్తున్నప్పుడూ పనిచేస్తూ కనిపించాయి. అంటే మాటలను దాచుకోవడానికి వేరే అర ఉందనేకంటే, వినే, పలికే యంత్రాంగాన్నే మెదడు కాసేపు నడుపుతూ ఉంచుతుందనడం సబబుగా తోస్తోంది.

పత్రికల్లో ఎర్రగా వెలిగే మెదడు బొమ్మ చూసి ‘జ్ఞాపకం ఇక్కడుంది’ అనుకోకండి. అది ఆలోచన ఫొటో కాదు. ఇలాంటి ఎంఆర్‌ఐ చూసేది రక్తంలోని ఆక్సిజన్ మార్పును, అది పనికన్నా నాలుగైదు సెకన్లు ఆలస్యంగా పతాకస్థాయికి వస్తుంది. ఆ ఎరుపు సాధారణంగా రెండు పనుల మధ్య తేడా. ఏ పనిలోంచి ఏ పనిని తీసేశారో ముందు చూడండి.