ఉప్పల్‌లో ఆ కేక ఎవరి కోసం?

నాచారంలో మా ఇంటి డాబా మీద ప్రతి వేసవిలో ఒక విచిత్రం జరుగుతుంది. సెల్‌ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుని చాప మీద కూచుంటామా... బొమ్మలో బౌలరు ఇంకా పరుగు మొదలుపెట్టనే లేదు, ఉప్పల్ దిక్కునుంచి 'హో...' అని కేక వచ్చేస్తుంది! ఫోన్‌లో బొమ్మ అర నిమిషం వెనక నడుస్తుంది మరి. గాలి ఇటు వీచిందంటే కేకే ముందు, బంతి తర్వాత! పక్క సీటు పెద్దమనిషి క్లైమాక్స్ ముందే చెప్పేసిన సినిమా చూస్తున్నట్టు ఉంటుంది మా పని.

"మస్తు ఒర్లుతున్నరు. ఎవరు కొట్టిండ్రు రా? మనోళ్లేనా?" మెట్ల దగ్గర నిలబడి అడుగుతుంది మా అమ్మ.

ఆ ప్రశ్నకి ఠక్కున జవాబు చెప్పలేకపోవడమే నా బాధ. ఎందుకంటారా? ఉప్పల్‌లో కేక లేచింది కదా అని అది మనవాళ్ళ కోసమే అనుకోవడానికి లేదు. ధోనీ బ్యాటు పట్టుకుని మెట్లు దిగినా అదే కేక. స్టేడియం సగం పసుపు పచ్చగా మారిపోతుంది, పెళ్ళివారి విడిదిల్లులాగా! 2023 మే 18న మన క్లాసెన్ 104 కొట్టాడు. ఆ తర్వాత అదే గడ్డ మీద బెంగళూరు కోహ్లీ సరిగ్గా 100 కొట్టి మ్యాచ్ పట్టుకుపోయాడు. ఏ సెంచరీకి కేక ఎక్కువ వచ్చిందో నన్నడక్కండి. చెప్పడానికి మనసొప్పదు.

సినిమా పత్రికలో క్రికెట్ గొడవేమిటని మొహం చిట్లించుకోకండి! అభిమాని ఎక్కడైనా అభిమానే. మీరు మొదటాట టికెట్ కోసం క్యూలో చొక్కా చింపుకున్నవాళ్ళయితే నా గోడు మీకే ముందు అర్థమవుతుంది. పైగా మా సన్‌రైజర్స్ జట్టుకి యజమాని ఎవరనుకున్నారు? 'రోబో', 'జైలర్' సినిమాలు తీసిన సన్ సంస్థే. ఇక మా నాచారమంటారా, ఎన్.టి.రామారావుగారు రామకృష్ణా స్టూడియో కట్టిన ఊరు. కాబట్టి ఈ పేజీలో నాకు హక్కుంది!

ఫ్లాపుతో మొదలు

ఉప్పల్ స్టేడియంలో మొదటి వన్‌డే 2005 నవంబర్ 16న జరిగింది. నేనప్పుడు స్కూలు కుర్రాణ్ణి. యువరాజ్ సింగ్ 103 కొట్టాడు. అయినా దక్షిణాఫ్రికాదే గెలుపు. ఆ రాత్రి డాబా మీదినుంచి ఉప్పల్ దిక్కు చూస్తూ, 'మన ఇంటి దగ్గరికే క్రికెట్ వచ్చేసింది' అని మురిసిపోయాను. గెలుపు ఇంకా రాలేదన్న సంగతి ఆ వయసులో తోచలేదు.

2009 నవంబర్ 5న సచిన్ టెండూల్కర్ ఇక్కడే ఆస్ట్రేలియా మీద 175 కొట్టాడు. కావలసినవి 351. మనవాళ్ళు ఆగింది 347 దగ్గర. మూడంటే మూడు పరుగులతో ఓడిపోయాం! అంత గొప్ప ఇన్నింగ్స్ చూసీ ఏడుస్తూ ఇంటికెళ్ళిన జనం ఇంకే ఊళ్ళోనైనా ఉన్నారేమో నాకు తెలియదు.

ఇక ఐ.పి.ఎల్. సంగతి. 2008లో మన జట్టు డెక్కన్ ఛార్జర్స్. లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, ఆఫ్రిదీ, కుర్రాడు రోహిత్ శర్మ... తారాగణం చూస్తే మల్టీస్టారర్! 14 ఆటల్లో గెలిచింది 2. అట్టడుగు స్థానం. మరుసటేడు అదే జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు కొట్టింది. ఎక్కడనుకున్నారు? ఎన్నికల వల్ల ఆ ఏడాది టోర్నీ దక్షిణాఫ్రికాకి వెళ్ళిపోయింది. జొహానెస్‌బర్గ్‌లో 2009 మే 24న బెంగళూరు మీద 6 పరుగులతో గెలిచారు. సరే, ఛాంపియన్లు 2010లో సొంతగడ్డ మీద ఆడతారు కదా అని కాచుక్కూచుంటే, తెలంగాణ ఉద్యమం రోజులు కావడంతో మ్యాచ్‌లు కటక్, నాగపూర్, నవీ ముంబైలకు మారిపోయాయి. హీరో హిట్టు కొట్టాడు, మా ఊరికి మాత్రం ప్రింటు రాలేదు!

2012లో ఆ కంపెనీయే మూతపడింది. 2013లో నారింజ రంగు చొక్కాలతో సన్‌రైజర్స్ వచ్చింది. 2016 మే 29న రెండో కప్పు వచ్చింది. మళ్ళీ బెంగళూరు మీదే, బెంగళూరులోనే, 8 పరుగుల తేడాతో. హబ్సిగూడలో ఒక హోటల్ టీవీ ముందు నిలబడి చూశాను. ఆఖరి బంతి పడ్డాక ఎవరో ముక్కూ మొహం తెలియనాయన నన్ను కావలించుకుని ఊపేశాడు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

ఒక్క లెక్క చూడండి. రెండు కప్పులూ కలిపి తేడా 14 పరుగులు. రెండిట్లో ఒక్కటీ ఉప్పల్‌లో గెలిచింది కాదు. 2019లో ఫైనల్ ఉప్పల్‌లోనే జరిగింది, ముంబయి ఒక్క పరుగుతో చెన్నైని ఓడించింది. మా ఇంట్లో పెళ్ళి, పీటల మీద మాత్రం పొరుగువాళ్ళు!

పోస్టరు దించేశారు

మాకొక హీరో ఉండేవాడు, డేవిడ్ వార్నర్. 2016లో ఒక్క సీజన్లో 848 పరుగులు. 2015, 2017, 2019ల్లో నారింజ టోపీ మూడుసార్లు. 2020 లాక్‌డౌన్‌లో భార్యతో కలిసి 'బుట్ట బొమ్మ' పాటకి స్టెప్పులేసి మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకీ అభిమాన నటుడైపోయాడు. క్రికెట్ అంటే గిట్టని మా అమ్మ కూడా "ఆ పిలగాడు ఆడుతుండా?" అని అడిగేది.

2021లో సీజన్ మధ్యలో అతని కెప్టెన్సీ తీసేశారు. తర్వాత జట్టులోంచే తప్పించారు. ఆ ఏడాది 14లో 3 గెలుపులు, అట్టడుగు. 2023 ఏప్రిల్ 24న అదే వార్నర్ ఢిల్లీ కెప్టెన్‌గా ఉప్పల్ వచ్చి 7 పరుగులతో మమ్మల్ని ఓడించి, గాల్లోకి ఎగిరి గంతేశాడు. కోపం రావాలి కదా? రాలేదండీ! పక్కనున్నవాళ్ళు కూడా తిట్టలేదు. 2025 మార్చిలో 'రాబిన్‌హుడ్' సినిమాలో అతను తెరమీద కనిపించినప్పుడు ఈలలు వేసినవాళ్ళల్లో నేనూ ఉన్నాను.

2024లో కథ మారింది. 20 కోట్ల 50 లక్షలకు కొన్న పాట్ కమిన్స్ కెప్టెనయ్యాడు. మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి మీద 277 కొట్టారు. రెండు జట్లూ కలిపి 523 పరుగులు, 38 సిక్సర్లు! మే 8న లక్నో పెట్టిన 166 లక్ష్యాన్ని హెడ్, అభిషేక్ ఇద్దరే 9.4 ఓవర్లలో ఊదేశారు. వేరుశనగల పొట్లం విప్పేలోపు ఆట అయిపోయింది. ఇక కప్పు మనదే అనుకున్నాం. మే 26న చెన్నైలో ఫైనల్. 113కే ఆలౌట్! కలకత్తా 8 వికెట్లతో గెలిచింది.

ఆ రాత్రి మా అక్క కొడుకు మొహం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. వాడికప్పుడు పదేళ్ళు. లోపల ఏడుస్తున్నాడని దుప్పటి కదలడం చూస్తే తెలుస్తోంది. కాసేపటికి దుప్పట్లోంచే అన్నాడు:

"మామా, మనం చెన్నైకి మారిపోదాం. మా క్లాసుల అందరు ధోనీ పార్టీనే."

ఏం చెప్పను? మనది మనదేనని చెబుదామనుకున్నాను. కానీ ఆ 'మన' ఏమిటని వాడు తిరిగి అడిగితే?

మన గల్లీ కుర్రాడే విలన్

వాడు అడగనే అడిగాడు. 2025 ఏప్రిల్ 6న.

ఆ ఏడాది మొదటి మ్యాచ్‌లో 286 కొట్టి, ఆ వెనకే వరసగా మూడు ఓడిపోయారు. నాలుగోది గుజరాత్‌తో, ఉప్పల్‌లో. ఇద్దరం హబ్సిగూడలో మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్ దాటి 'స్టేడియం'లో దిగాం. టికెట్ల కథ చెప్పను, మీకు తెలియనిది కాదు. కంప్యూటర్ ముందు గంటసేపు కూచుంటే చివరికి 'అయిపోయినవి' అని వస్తుంది. ఆనక గేటు దగ్గర ఎవడో చెవిలో "ఉన్నయన్నా, కావాలె?" అంటాడు. మా నాన్న కాలంలో సినిమా హాలు బయట వినిపించిన గొంతే అది!

కొత్త బంతి మహమ్మద్ సిరాజ్ చేతికి వచ్చింది. ఆటో నడిపిన తండ్రికి పుట్టి, హైదరాబాద్ గల్లీల్లో బంతి పట్టినవాడు. 2017లో సన్‌రైజర్సే 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. మరుసటేడే చేజారిపోయాడు. ఆ రాత్రి హెడ్‌నీ, అభిషేక్‌నీ తనే పడగొట్టాడు. 4 ఓవర్లు, 17 పరుగులు, 4 వికెట్లు. ఐ.పి.ఎల్.లో నూరో వికెట్టూ ఆ రాత్రే తీశాడు. జనంలో కేక లేచింది. నారింజ చొక్కాలవాళ్ళే లేచి చప్పట్లు కొట్టారు.

నా చేతులు కూడా లేచాయి. మేనల్లుడు నా చొక్కా పట్టి లాగాడు.

"మామా, నువ్వు ఎవరి దిక్కున్నవ్?"

పాఠకులారా, మీరైతే ఏం చెబుతారు? అంబటి రాయుడు ముంబయికీ, చెన్నైకీ ఆడాడు. మన తిలక్ వర్మ ముంబయి చొక్కా వేసుకుని, ఆ 277 రోజునే ఉప్పల్‌లో మనమీద 64 కొట్టాడు. నారింజ చొక్కా వేసుకున్నవాళ్ళేమో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, పంజాబ్ కుర్రాళ్ళు. విశాఖ నుంచి వచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి ఉన్నాడు గనక సరిపోయింది. మెల్‌బోర్న్ టెస్టులో యాభై కొట్టి 'పుష్ప' మాదిరి, వంద కొట్టి 'బాహుబలి' మాదిరి నిలబడ్డవాడు! అతను బ్యాటింగుకి వస్తే మాత్రం మా అమ్మ ప్రశ్నకి జవాబు తడుముకోను.

"ఆట సన్‌రైజర్స్‌ది, పిలగాడు మనోడు" అన్నాను. వాడికి నచ్చలేదు. నాకూ పూర్తిగా నచ్చలేదు.

ఆరు రోజులు గడిచాయి. ఏప్రిల్ 12న పంజాబ్ 245 కొట్టింది. 'అయిపోయింది' అని నేను లేవబోతే వాడే చెయ్యి పట్టుకుని కూచోబెట్టాడు. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141! వంద కాగానే జేబులోంచి చీటీ తీసి చూపించాడు. ఇది నారింజ సేన కోసం అని దానిమీద రాసుంది. నాలుగు ఓటములయ్యాక కూడా ఆ చీటీ జేబులో పెట్టుకుని దిగాడంటే, మనవాడు కాక మరెవరండీ? పంజాబ్‌వాడైతేనేం? ఆరు రోజుల కిందట నేను సరిగా చెప్పలేకపోయిన జవాబు నా మేనల్లుడికి ఆ చీటీలో దొరికింది. చెన్నై ఊసు మళ్ళీ ఎత్తలేదు.

వాన కొట్టిన క్లైమాక్స్

మే 5న మళ్ళీ ఉప్పల్ వెళ్ళాం. ఢిల్లీతో ఆట. గెలిస్తేనే బతుకు. కమిన్స్ మొదటి బంతికే వికెట్ తీశాడు. ఢిల్లీ 29కి 5! ఎలాగో ఈదుకుంటూ 133 చేశారు. 134 అంటే మనవాళ్ళకి ఎంత? పన్నెండు ఓవర్ల పని.

అప్పుడు వాన మొదలైంది. చినుకు కాదు, కుండపోత. మైదానం చెరువైంది. గంటలు గడిచాయి. మేనల్లుడు అట్టముక్క నెత్తిన పెట్టుకుని, "తగ్గుతది మామా, జర ఆగు" అంటూనే ఉన్నాడు. రాత్రి పదకొండు దాటాక రద్దన్నారు. ఒక్క బంతి ఆడకుండా ఆ ఏడాది ఆశ తీరిపోయింది. తడిసిన చొక్కాలతో మెట్రోలో నిలబడ్డాం. ఎవరూ మాట్లాడలేదు.

అన్నీ అయిపోయాక మే 25న ఢిల్లీలో కలకత్తా మీద 278 కొట్టారు. వీళ్ళ తీరే అంత. పరీక్ష ఫెయిలయ్యాక ఇంటికొచ్చి లెక్కలన్నీ సరిగ్గా చేసే పిల్లాడి రకం! 13 పాయింట్లు, ఆరో స్థానం.

జూన్ 3న బెంగళూరు కప్పు గెలిచింది. పద్దెనిమిదో సీజన్లో! రెండు ఫైనల్స్‌లో మన చేతిలో ఓడినవాళ్ళు. కోహ్లీ కన్నీళ్ళు చూసి, ఓపిక పడితే మనకీ ఒక రోజు వస్తుందని డాబా మీద ఇద్దరం చెప్పుకున్నాం. మర్నాడే బెంగళూరు స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండుమంది చనిపోయారు. అంతకు ఆర్నెల్ల ముందు, 2024 డిసెంబర్ 4 రాత్రి, మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్యా థియేటర్ దగ్గర ఒక తల్లి ప్రాణం పోయింది. ఆటైనా సినిమా అయినా చూడబోయినవాళ్ళు ఇంటికి తిరిగి రావాలి కదా! మేనల్లుడితో ఆ రోజే ఒప్పందం చేసుకున్నాను. గేటు దగ్గర గుంపు ఎక్కువైతే వెనక్కి తిరిగి, డాబా మీదే చూడాలి. వాడు మొహం మాడ్చుకున్నా చెయ్యి కలిపాడు.

డాబా మాత్రం ఏం తక్కువ? చాప ఉంది, మరమరాలున్నాయి, గాలి ఇటు వీస్తే ఉప్పల్ కేక ఉంది. ఇప్పుడు అమ్మ మెట్ల దగ్గర నిలబడి "ఎవరు కొట్టిండ్రు?" అని అడిగితే జవాబు నేను చెప్పనక్కర్లేదు. వాడే ఫోన్ మీంచి కళ్ళు తిప్పకుండా చెబుతాడు:

"ఆగు అమ్మమ్మా, బొమ్మ ఇంక రాలే. మనోళ్లే అయ్యుంటరు!"