నచ్చని నాయిక, వదలని నవల

చెల్లెలిని చేసుకోబోయే వాణ్ణి అబద్ధమాడి తాను పెళ్లాడిన అక్క. కన్నపిల్లలను కాళ్లకు అడ్డంగా భావించే తల్లి. తనను ప్రాణంలా చూసుకునే స్నేహితురాలి మొగుడి మీద 12 ఏళ్లు మనసు పెట్టుకున్న మనిషి. ముగ్గురూ ఒకరే: మార్గరెట్ మిచెల్ ‘గాన్ విత్ ద విండ్’ నాయిక స్కార్లెట్ ఒహారా. 1936లో అమెరికాలో వెలువడిన ఈ వెయ్యి పేజీల నవలకు మరుసటి ఏడాదే పులిట్జర్ వచ్చింది. ఎం.వి. రమణారెడ్డి దీన్ని ‘చివరకు మిగిలింది’ పేరుతో తెలుగు చేశారు.

చారిత్రక ప్రేమకథల్లో నాయిక మీద తొలి పేజీల్లోనే పాఠకుడికి ఇష్టమో జాలో పుట్టించడం రివాజు. మిచెల్ ఆ జోలికి పోలేదు. కథ మొదలయ్యేది 1861లో. అమెరికా దక్షిణాది అంతా అంతర్యుద్ధం గురించే మాట్లాడుతుంటే 16 ఏళ్ల స్కార్లెట్‌కు అదంతా విసుగు. తాను మనసుపడ్డ యాష్లీ తనను కాదని మెలనీని చేసుకుంటున్నాడన్న ఉక్రోషంతో మెలనీ అన్న చార్లెస్‌ను పెళ్లాడుతుంది. రెండు నెలలు తిరక్కుండానే అతను సైనిక శిబిరంలో జబ్బుపడి చనిపోతాడు. మొగుడు పోయిన బాధకంటే, ఇక నల్లబట్టలు కట్టుకుని మూల కూర్చోవాలన్న బాధే ఆమెకు ఎక్కువ.

అయినా పుస్తకం కింద పెట్టలేం. ఎందుకని?

మొదటి కారణం, ఆమె చేసే ప్రతి తప్పు వెనకా ఒక లెక్క ఉంటుంది. యుద్ధం ముగిశాక ఆమె పుట్టింటివాళ్ల ‘తారా’ తోటకు 300 డాలర్ల పన్ను కట్టాలి, లేదంటే పొలం వేలానికి పోతుంది. ఇంట్లో తినే నోళ్లు చాలా ఉన్నాయి, సంపాదించే చెయ్యి లేదు. ఆమె మీద మనసున్న రెట్ బట్లర్‌ను అడిగినా డబ్బు దొరకలేదు. అప్పుడు చెల్లెలి కోసం ఎదురుచూస్తున్న ఫ్రాంక్ కెన్నెడీ కంటపడ్డాడు. ఆమె చేసింది మనం మెచ్చం. కానీ ఆ 300 డాలర్లు ఎక్కడినుంచి తెచ్చేవాళ్లమో మనమూ చెప్పలేం.

రెండోది కథనంలోని చమత్కారం. యాష్లీ చేతకానివాడని, రెట్ ఆమెను నిజంగా ప్రేమించాడని, ఆమెకు అసలైన అండ మెలనీయేనని మనకు ఎప్పుడో తెలిసిపోతుంది. ఆమెకు తెలిసేసరికి చివరి పేజీలొస్తాయి. ఈ గుడ్డితనమే మనల్ని కూర్చోబెడుతుంది. పైగా నవలలో అందరికంటే మంచిదైన మెలనీ ఆమెను ఒక్కసారీ వదలదు. తారాలో దొంగతనానికి చొరబడిన సైనికుణ్ణి స్కార్లెట్ కాల్చినప్పుడు, సరిగా నిలబడే ఓపికైనా లేని మెలనీ బరువైన కత్తి ఈడ్చుకుంటూ సాయానికి వస్తుంది. అంతటి మనిషి నమ్మినదాన్ని మనం పూర్తిగా తోసెయ్యలేం.

అయితే నాకు పేచీ ఉన్నది ఇంకోచోట. ఆమె తర్వాత కాపురమున్న అట్లాంటాలో పెద్దింటి ఆడవాళ్లు స్కార్లెట్‌ను ఏవగించుకునేది కడుపుతో ఉండి కూడా బండి తోలుకుంటూ కలప మిల్లు నడిపినందుకు, ఉత్తరాది వాళ్లతో వ్యాపారం చేసినందుకు. అదే మిల్లులో ఆమె ఖైదీలను కూలికి పెట్టి, వాళ్లు తిండిలేక చిక్కిపోతున్నారని కళ్లారా చూసి కూడా, మేనేజరు పని మానేస్తానని బెదిరిస్తే నోరుమూసుకుంటుంది. నా దృష్టిలో అది అంతకంటే పెద్ద తప్పు. అన్నిటికంటే పెద్దది బానిసత్వం. దాని విషయంలో ఆమెకు లేని పశ్చాత్తాపం రచయిత్రికీ లేదు. బానిసలను యజమానుల నీడలో సుఖంగా ఉన్నవాళ్లుగా, నల్లవాళ్లపై దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్‌ను పరువు కాపాడే దళంగా చూపింది. 2001లో ఆలిస్ రాండల్ ‘ది విండ్ డన్ గాన్’లో ఇదే కథను బానిసగా పుట్టిన స్త్రీ వైపునుంచి తిరగరాయడానికి కారణం ఇదే.

చదవబోయే వాళ్లకు ఒక మాట. 1939 నాటి సినిమా చూసి నవల తెలుసనుకోకండి. సినిమాలో స్కార్లెట్‌కు ఒక్క కూతురే. నవలలో ముగ్గురు పిల్లలు. సినిమా వదిలేసిన వేడ్, ఎల్లాల పట్ల ఆమె ఎలా ఉంటుందో చదివితేనే మిచెల్ ఎంత నిర్దాక్షిణ్యంగా రాసిందో అర్థమవుతుంది.