డొప్ప చెవులను దిద్దే చికిత్స

“చేట చెవులోడా!” అన్న పిలుపు వినబడని ఊరి బడి అరుదు. తలకు ఇరుపక్కలా చెవులు విప్పుకొని నిలబడ్డ పిల్లవాడి అసలు పేరు హాజరు పట్టీలోనే ఉండిపోతుంది. మాస్టారికి కోపం వస్తే ముందు చేతికందేవీ ఆ చెవులే. పెద్దలకిది నవ్వులాట, ఆ పసివాడికి మాత్రం కాదు. క్షురకుని ముందు కూర్చోనని ఏడవడం, మండుటెండలో సైతం తలకు తువ్వాలు చుట్టుకోవడం, చివరకు బడికే పోనని మొరాయించడం... వీటికి కారణం చెవులేనని చాలా ఇళ్లలో గ్రహించరు. ఆడపిల్లకైతే జుట్టు చెవుల మీదుగా దువ్వి జడ వేస్తారు. ఆ సంగతి మళ్లీ పెళ్లిచూపుల నాటికి పైకి వస్తుంది.

నిజానికి డొప్ప చెవి పెద్ద చెవి కానక్కరలేదు. చాలామందిలో కొలత మామూలుగానే ఉంటుంది. చెవి లోపల ఉండే మెత్తటి ఎముక, అంటే మృదులాస్థి, పైభాగాన ఒక మడత పడాలి. తల్లి గర్భంలో ఆ మడత సరిగా ఏర్పడకపోతే చెవి ముందుకు విచ్చుకొంటుంది. కొందరిలో చెవి గిన్నె లోతు ఎక్కువై తలకు దూరంగా నెట్టుకు వస్తుంది. తాతకుంటే తండ్రికి, తండ్రికుంటే కొడుక్కి రావడం కద్దు. వినికిడికీ దీనికీ సంబంధం లేదు. ఆపరేషన్ చేయిస్తే చెవుడు వస్తుందన్న భయం ఉత్తదే.

ఈ చికిత్స నిన్న మొన్నటిది కాదు. 1881లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ ఎలీ అనే వైద్యుడి వద్దకు పన్నెండేళ్ల బాలుణ్ని తీసుకొచ్చారు. తోటి పిల్లల వెక్కిరింతలే వాడి జబ్బు. వైద్యుడు చెవి వెనుక చర్మం, కొంత మృదులాస్థి తొలగించి ముందు ఒక చెవిని, తర్వాత రెండోదాన్ని తలకు దగ్గర చేశాడు. లోపం అసలు ఆ మడతలోనే ఉందని 1910లో లకెట్ అనే వైద్యుడు గుర్తించాడు. కోతలు తగ్గించి, దారపు కుట్లతోనే మడత తెప్పించే పద్ధతిని 1963లో మస్టార్డే వివరించాడు. నేటికీ అది వాడుకలో ఉంది.

పురిటిలోనే చూడాలి

అయితే కత్తి అవసరమే లేని కాలం ఒకటుంది. పుట్టిన తొలి వారాల్లో, తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావంతో, శిశువు చెవి మైనంలా వంగుతుంది. అప్పుడు వైద్యుడు చిన్న అచ్చు అమర్చి కొన్ని వారాలు ఉంచితే చెవి ఆ రూపానికే గట్టిపడుతుంది. ఆ గడువు దాటితే ఫలితం తగ్గిపోతుంది. ఏడాది పిల్లకు గుడ్డ కట్టి పడుకోబెట్టడం, పట్టీలు అంటించడం వృథా ప్రయాస. పైగా చర్మం ఒరుసుకుపోతుంది. బిడ్డకు స్నానం చేయించే అమ్మమ్మలు ముక్కూ తలా ఒత్తి చూసినట్టే చెవులు కూడా ఓసారి చూసి, తేడా ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పడం మంచిది.

ఆ అదను తప్పినవారికి ఆపరేషనే గతి. ఐదారేళ్లకు చెవి దాదాపు పూర్తిగా పెరుగుతుంది గనుక ఆ తర్వాత ఎప్పుడైనా చేయవచ్చు, పెద్దలకూ చేస్తారు. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. పెద్దలకు చెవి దగ్గర సూది మందు ఇస్తే సరిపోతుంది. కోత చెవి వెనుక కాబట్టి మచ్చ మరుగున పడుతుంది. సుమారు వారం రోజులు తలకు కట్టు, ఆపై కొన్ని వారాలు రాత్రిపూట పట్టీ ఉంటాయి. కబడ్డీ వంటి ఆటలు నెల పైచిలుకు మానాలి.

చిక్కులు లేకపోలేదు. ఒక్క చెవిలోనే పోటు విపరీతమైతే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చీము పట్టడం, చెవి కొంత వెనుకటి రూపానికి రావడం, రెండు చెవులూ అచ్చంగా ఒక్కలా కుదరకపోవడం కూడా ఉన్నవే. ముఖ్యంగా, చెవులు కుట్టించినప్పుడు బెజ్జం చోట కంతి లేచినవారు, ఇంట్లో అలాంటివారు ఉన్నవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పితీరాలి. కోత పెట్టిన చోటా అలాంటి కంతే రావచ్చు.

హైదరాబాద్ ఉస్మానియా, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. అక్కడ కాలిన గాయాలవారికి, ప్రమాదాల్లో దెబ్బతిన్నవారికి ముందు చోటు దొరకడం న్యాయమే కనుక, కనుక్కొని వెళ్లాలి. ప్రైవేటుకు పోయేవారు బోర్డు మీద రంగుల బొమ్మలు కాక డాక్టరు ప్లాస్టిక్ సర్జరీ పట్టా చూడాలి.

పిల్లవాడిని అడగకుండా తల్లిదండ్రులే తొందరపడటం తగదు. కొందరు పిల్లలకు తమ చెవుల పట్ల ఏ బెంగా ఉండదు. గాంధీ మహాత్ముని బొమ్మలో గుండ్రటి కళ్లద్దాలు, రెండు చెవులు గీస్తే చాలు, పసిపిల్లలైనా పోల్చుకొంటారు. వాడే కోరుకొంటే మాత్రం వేసవి సెలవులు అనువైన సమయం. కట్టు కింద చెమట, దురద తప్పవు గాని, జూన్‌లో బడి తెరిచేనాటికి పగటి కట్టు ఉండదు.