బియ్యం డబ్బా మూత ఎగిరింది!

మా ఇంట్లో బియ్యం డబ్బాకి రెండేళ్లపాటు ఓ నీలంరంగు ప్లాస్టిక్ పళ్లెం మూతగా ఉండేది. అసలు మూత ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఈ పళ్లెం మాత్రం కొలిచి చేసినట్టు సరిపోయింది. అది పళ్లెం కాదనీ, ఫ్రిస్బీ అనే ఎగిరే బిళ్ల అనీ, మా తమ్ముడు మేనకోడలి పుట్టినరోజుకి తెచ్చాడనీ అందరం మర్చిపోయాం.

మర్చిపోయాం అనడం కంటే మాన్పించాం అంటే నిజం చెప్పినట్టవుతుంది. మా అమ్మాయి ఏడో తరగతిలో పెద్దమనిషి అయింది. పట్టు పరికిణీ, వోణీ, ఫొటోలు, భోజనాలు అన్నీ ఘనంగానే చేశాం. ఆ తర్వాత ఓ సాయంత్రం మైదానానికి బయల్దేరితే "ఇంకా ఆ గెంతులేమిటే?" అన్నారు అత్తయ్యగారు. నేను కాదనలేదు. నా పదమూడో ఏట ఏడుపెంకులాట మధ్యలోంచి మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లింది. ఆ తర్వాత ఆటలన్నీ కిటికీలోంచి చూసినవే. నాకు జరిగిందే దానికీ జరుగుతోంది, అంతేగా అనుకున్నాను.

ఓ రోజు మూడంతస్తులు మెట్లెక్కి వచ్చి "ఆయాసంగా ఉందమ్మా" అంటూ సోఫాలో కూలబడింది. పధ్నాలుగేళ్ల పిల్ల! ఆ రాత్రి బియ్యం కొలుస్తూ ఆ నీలం మూతని చేతిలోకి తీసుకున్నాను.

"రేపు పొద్దున్నే బీచికి వెళ్దామా?"

"ఎందుకమ్మా?"

"ఈ మూత విసురుకోవడానికి."

దానికి నవ్వాగలేదు. అయినా అయిదున్నరకే లేచింది.

మాది విశాఖపట్నం. రామకృష్ణా బీచిలో పొద్దున్నే నడిచేవాళ్లు బోలెడంతమంది. వాళ్లందరి ముందూ నేను బలమంతా ఉపయోగించి విసిరాను. బిళ్ల నిలువునా పైకి లేచి, పక్కకి తిరిగి, అల అంచున పడింది. ఇద్దరు ముగ్గురు నడక ఆపి మరీ చూశారు. "పోదాం పదమ్మా, అందరూ చూస్తున్నారు" అంది మా అమ్మాయి. "చూడనీ" అన్నాను గానీ నా గొంతూ సన్నగానే ఉంది. జనం పల్చగా ఉన్నవైపు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాం.

బలం కాదు, మణికట్టు

నాలుగు రోజులు తంటాలు పడ్డాక తెలిసిందేమిటంటే, ఈ బిళ్ల బలానికి లొంగదు. బొంగరం తిరుగుతున్నంతసేపూ పడిపోదు చూడండి, ఇదీ అంతే. ముందుకి దూసుకుపోయేటప్పుడు గాలి దాన్ని పైకి ఎత్తుతుంది. గిరగిరా తిరుగుతుంటేనే ఒరిగిపోకుండా సాగుతుంది. తిరక్కపోతే ఆ గాలే దాన్ని తిరగేసి పడేస్తుంది.

కుడిచేతివాటం వాళ్లయితే కుడిభుజం అవతలి మనిషి వైపు ఉండేలా పక్కకి తిరిగి నిలబడాలి. కుడికాలు ముందుకి. బొటనవేలు బిళ్ల పైన, మిగతా వేళ్లు కింద అంచుకి ఆనించి పట్టుకోవాలి. చేతిని ఎడమవైపు పొట్ట దగ్గరికి తెచ్చి, అక్కణ్నుంచి తిన్నగా ముందుకి చాపుతూ చివర్లో మణికట్టుని చటుక్కున విదల్చాలి. తడిబట్టని ఆరేసేముందు జాడిస్తామే, ఆ విదిలింపే! వదిలాక చెయ్యి అవతలి మనిషినే చూపిస్తూ ఉండాలి. నా గుర్తు ఒకటే. గాజులు గలగలమన్నాయా, బిళ్ల బాగా వెళ్లినట్టే.

నేను విసిరినవి మొదట్లో వంపు తిరిగి కుడివైపు పోయేవి. బిళ్ల బయటి అంచు పైకి లేస్తే అలా అవుతుంది. ఆ అంచుని ఒకింత కిందికి వాల్చి వదిలితే దారికొచ్చింది. ఎదురుగాలి ఉంటే బిళ్ల పైకి లేచిపోతుంది. అందుకే గాలి తక్కువగా ఉన్నప్పుడు నేర్చుకోవడం సులువు. మొదట పది అడుగుల దూరం చాలు.

పట్టుకోవడానికి చప్పట్లు

విసరడం కంటే పట్టుకోవడానికే నాకు భయమేసింది. ఏదైనా మొహం మీదికి వస్తుంటే కళ్లు మూసుకోవడం అలవాటైపోయింది మరి. దీనికో చిట్కా ఉంది. ఓ అరచెయ్యి పైన, ఓ అరచెయ్యి కింద పెట్టి, బిళ్ల ఛాతీ ముందుకి రాగానే మధ్యలో పెట్టి చప్పట్లు కొట్టడమే. భజనలో తాళం వేసినట్టు! అది వచ్చాక అంచు పట్టుకోవడం నేర్చుకోవచ్చు. తలకంటే ఎత్తుగా వస్తే బొటనవేళ్లు కిందా, నడుంకంటే కిందుగా వస్తే బొటనవేళ్లు పైనా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, చేతిలో పడేదాకా బిళ్ల మీంచి చూపు తిప్పకూడదు.

ఇదీ వంటింటిదే

ఈ ఆటవస్తువు కథ మా అమ్మాయి ఫోనులో చదివి చెప్పింది. 1937లో అమెరికాలో వాల్టర్ ఫ్రెడరిక్ మోరిసన్, తర్వాత ఆయన్ని పెళ్లాడిన లూసిల్ కలిసి ఓ పాప్‌కార్న్ డబ్బా మూతని విసురుకున్నారట. అది సొట్టలు పడితే, కేకు చేసే రేకు పళ్లెం పట్టుకున్నారు. బీచిలో వాళ్ల ఆట చూసినాయన 5 సెంట్ల పళ్లేన్ని 25 సెంట్లకి అడిగాడు. వ్యాపారం అక్కడ పుట్టింది. మోరిసన్ 1955లో తయారుచేసిన ప్లాస్టిక్ బిళ్లని వామ్-ఓ కంపెనీ 1957లో అమ్మకానికి పెట్టి, ఫ్రిస్బీ అని పేరు మార్చింది. అంతకుముందే యేల్ విద్యార్థులు విసురుకుంటుండిన ఫ్రిస్బీ బేకరీ రేకు పళ్లేల పేరది. అక్కడ వంటింటి పళ్లెం ఆటవస్తువయితే, ఆ ఆటవస్తువుని మా ఇంట్లో మళ్లీ వంటింట్లోకి నెట్టేశామన్నమాట!

అంపైర్ లేని ఆట

దీంతో జట్లుగా ఆడే ఆట కూడా ఉంది. పేరు అల్టిమేట్. 1968లో న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్‌లో హైస్కూలు పిల్లలు మొదలుపెట్టారు. జట్టుకి ఏడుగురు. బిళ్ల చేతికొచ్చినవాళ్లు పరుగెత్తకూడదు, ఇంకొకరికి అందించాలి. ఒకర్నొకరు తోసుకోకూడదు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే జట్టులో ఆడే పోటీలున్నాయి. 2001 నుంచి ప్రపంచ క్రీడల్లో జరుగుతున్నది అలాంటి ఆటే.

"అంపైర్ ఉండడటమ్మా. తప్పు ఎవరిదైతే వాళ్లే ఒప్పుకోవాలట" అంది మా అమ్మాయి, నాకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి.

బిళ్ల నా చేతిలో ఉంది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని మాట అక్కడ ఎలా వచ్చిందో వచ్చింది. "నీ ఆట మాన్పించినప్పుడు నేను నోరు మూసుకున్నాను. తప్పు నాదే" అన్నాను.

అది కాసేపు ఇసుకలో కాలి బొటనవేలితో గీతలు గీసింది. తర్వాత చేతులు చాపి "సరే గానీ, అంచు వాల్చి విసురు. మళ్లీ కుడికి పోనిస్తావు" అంది. గాజులు గలగలమన్నాయి. బిళ్ల తిన్నగా వెళ్లింది.

ఇప్పటికి నాలుగు నెలలైంది. మా అమ్మాయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతోంది. నెలసరి రోజుల్లో రానంటుందేమో అనుకున్నాను. ఒంట్లో బాగుంటే అప్పుడూ తనే ముందు బయల్దేరుతోంది. మెట్ల కింద వాటాలో ఉండే ఇద్దరు పిల్లలూ, వాళ్లమ్మా ఆదివారాలు మాతో వస్తున్నారు.

మీ ఇంట్లోనూ ఆట మానేసిన అమ్మాయి ఉందా? ఉంటే 'వెళ్లి ఆడుకో' అని ఊరుకోకండి, మీరూ వెళ్లండి. చీరకంటే చుడీదార్ సౌకర్యం. చుట్టూ ఖాళీ జాగా ఉండాలి, రోడ్డు పక్క వద్దు. బరువైన బిళ్ల చిన్నపిల్లల వేళ్లకి గట్టిగా తగులుతుంది. పోటీల్లో వాడేది 175 గ్రాములుంటుంది. పసివాళ్లకి తేలికది, మెత్తటిది కొనండి. చూసేవాళ్ల సంగతంటారా? నాలుగో రోజుకి వాళ్లకే విసుగు పుడుతుంది!

మా అత్తయ్యగారు ఇంతవరకూ ఔననలేదు, కాదనలేదు. కిందటి శుక్రవారం గుడి నుంచి వస్తూ స్టీలు సామాను కొట్లో ఆగారట. బియ్యం డబ్బాకి సరిపడా మూత కొనుక్కొచ్చారు.