చెడగొట్టినా ఫర్వాలేని కంప్యూటర్

రాస్ప్‌బెర్రీ పై కిట్ తెప్పించుకున్న ఇంట్లో, పెట్టె విప్పగానే వినిపించే మొదటి ప్రశ్న: ‘మిగతాది ఏదీ?’ స్క్రీన్ ఉండదు, కీబోర్డు ఉండదు, మౌస్ ఉండదు. ఉన్నదల్లా దాదాపు ఏటీఎం కార్డంత ఆకుపచ్చ బోర్డు. దాని మీద నల్లటి చిప్పులు, ఒక అంచున రెండు వరుసల్లో 40 పిన్నులు, మరో అంచున యూఎస్‌బీ, నెట్‌వర్క్ సాకెట్లు. దానికి తోడు ఒక అడాప్టర్, గోరంత మెమరీ కార్డు, ఒక కేబుల్, ఒక ప్లాస్టిక్ డబ్బా. వేలు పోసి కొన్నది ఇదేనా అని పెద్దవాళ్లు మొహం చిట్లిస్తే తప్పుపట్టలేం.

ఇది పూర్తి కంప్యూటరే. హాల్లో టీవీయే దీనికి స్క్రీన్. పాత కంప్యూటర్ తాలూకు కీబోర్డు, మౌస్ అటక మీద ఉంటే అవి చాలు. బ్రౌజర్ తెరుచుకుంటుంది, వీడియో ఆడుతుంది, ఉత్తరం టైపు చేసుకోవచ్చు. అయితే ఇవన్నీ ఫోనులోనూ అవుతాయి. బోర్డు తయారుచేసినవాళ్ల ఉద్దేశం వేరు.

2000 దాటాక కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ అడ్మిషన్లు చూసే ఈబెన్ అప్టన్, ఆయన సహచరులు ఒక సంగతి గమనించారు. దరఖాస్తులు తగ్గుతున్నాయి. వచ్చే పిల్లలకు కూడా వెనకటి వాళ్లంత ప్రోగ్రామింగ్ తెలియడం లేదు. 1981లో వచ్చిన బీబీసీ మైక్రో లాంటి కంప్యూటర్లు ఆ దశాబ్దంలో బ్రిటన్ ఇళ్లలోకీ బడుల్లోకీ చేరాయి. స్విచ్ వేస్తే చాలు, ఏదో ఒకటి రాయమన్నట్టు కర్సర్ మిణుకుమిణుకుమనేది. ఆటల్లో పడి పిల్లలు బేసిక్ భాష నేర్చేసుకునేవారు. తర్వాత వాటి స్థానంలోకి గేమ్ కన్సోళ్లు, విండోస్ పీసీలు వచ్చాయి. కన్సోల్‌లో సొంత ప్రోగ్రామ్ రాసుకునే వీలు లేదు. పీసీలో ఉంది గానీ, అందులో నాన్న ఆఫీసు ఫైళ్లుంటాయి. ‘దాని జోలికెళ్లకు, పాడవుతుంది’ అనే మాట కేంబ్రిడ్జిలోనైనా కాకినాడలోనైనా ఒకటే.

పిల్లలు తమదని చెప్పుకోగలిగేంత చౌకగా ఒక కంప్యూటర్ చేద్దామన్న ఆలోచనకు ఫలితం 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరకు బయటికొచ్చింది. తొలి విడత తయారు చేయించినవి 10 వేల బోర్డులు. ఆ ఉదయం అమ్మకానికి పెట్టిన రెండు కంపెనీల వెబ్‌సైట్లూ జనం తాకిడికి కుప్పకూలాయి. మోడల్ ఏ, మోడల్ బి అన్న పేర్లను బీబీసీ మైక్రో నుంచే తీసుకున్నారు. చైనాలో మొదలైన తయారీ ఆ ఏడాదే వేల్స్‌లోని సోనీ ఫ్యాక్టరీకి మారింది. 2024లో కంపెనీ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీ మెట్లెక్కేనాటికి అమ్ముడైనవి 6 కోట్లు దాటాయి. విచిత్రమేమిటంటే, పిల్లల కోసం పుట్టిన ఈ బోర్డును ఇప్పుడు ఎక్కువగా కొంటున్నది పరిశ్రమలు.

మన దగ్గర చాలామంది పిల్లలు ఇలాంటి బోర్డులను మొదట బడిలోనే చూస్తారు. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాక సెన్సర్లు, బ్రెడ్‌బోర్డులు ఆరో తరగతి నుంచే చేతికి తగులుతున్నాయి. ఇంటికొచ్చి ‘నాకూ ఒకటి కావాలి’ అన్నాక తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో వెతికితే అరడజను రకాలు కనిపిస్తాయి. కొత్తవారికి పై 4 గానీ పై 5 గానీ సరైనది. పై జీరో 2 డబ్ల్యూ చౌకే గానీ, ర్యామ్ 512 ఎంబీనే కాబట్టి మొదటి కంప్యూటర్‌గా విసుగు పుట్టిస్తుంది. అన్నింటికన్నా చౌకగా కనిపించే పికో ఆ కుటుంబంలోదే అయినా కంప్యూటర్ కాదు, మైక్రోకంట్రోలర్. దానికి టీవీ తగిలించడానికి సాకెట్టే ఉండదు. ధర చూసి తొందరపడేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే.

ఇంకో మాట. ఇంట్లో ఆన్‌లైన్ క్లాసులకూ టైపింగుకూ ఒక కంప్యూటర్ కావాలంతే అనుకునేవాళ్లు ఈ కిట్ జోలికి రాకపోవడమే మంచిది. బోర్డు, అడాప్టర్, కార్డు, కేసు, ఫ్యాన్, కేబుల్ అన్నీ కలిపి బిల్లు చూస్తే, మరికొంత వేసుకుని సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనడం మేలనిపిస్తుంది. స్క్రీన్, కీబోర్డు, బ్యాటరీ దాంట్లోనే వస్తాయి.

ఈ బోర్డుకు హార్డ్‌డిస్క్ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్, ఫైళ్లు, చేసిన తప్పులు అన్నీ ఆ గోరంత మైక్రోఎస్‌డీ కార్డులోనే. చాలా కిట్లలో కార్డు సిద్ధం చేసే ఇస్తారు. ఇవ్వకపోతే వేరే కంప్యూటర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, బోర్డు ఏదో, సిస్టమ్ ఏదో, కార్డు ఏదో చూపించాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్, యూజర్ పేరు అక్కడే నింపేయవచ్చు. కార్డు 32 జీబీది సరిపోతుంది. సంతలో దొరికే పేరులేని చౌక కార్డుల మీద రాసిన సైజు ఒకటి, లోపల ఉండేది ఒకటి. నెల తర్వాత కంప్యూటర్ లేవడం లేదని ఏడ్చేకంటే ముందే మంచి కార్డు కొనుక్కోవడం నయం.

పై 4, పై 5లకు టీవీ కేబుల్ పెట్టే సాకెట్లు రెండుంటాయి. అవి మామూలు హెచ్‌డీఎంఐ కాదు, మైక్రో హెచ్‌డీఎంఐ. కరెంటు సాకెట్ పక్కనున్నదానికే మొదట తగిలించాలి. టీవీ ఆన్ చేసి, ఆ ఇన్‌పుట్ ఎంచుకుని, అన్నింటికన్నా చివర అడాప్టర్ పెట్టాలి. బోర్డు మీద పచ్చ లైటు గబగబా కొట్టుకుంటూ ఉంటే కార్డును చదువుతోందని అర్థం. కాసేపటికి డెస్క్‌టాప్ వస్తుంది.

అప్పుడొస్తుంది అసలు తికమక. మెయిల్ అడ్రస్ టైపు చేయబోతే ‘ఎట్’ గుర్తు పడాల్సిన చోట కొటేషన్ మార్కు పడుతుంది. కొటేషన్ నొక్కితే ‘ఎట్’ వస్తుంది. హ్యాష్ నొక్కితే బ్రిటిష్ పౌండు గుర్తు ప్రత్యక్షమవుతుంది. కీబోర్డు పాడైందనుకుని మార్చేవాళ్లున్నారు. పాడైందేమీ లేదు. పుట్టిల్లు బ్రిటన్ కాబట్టి అక్కడి కీబోర్డు అమరికతో లేచి కూర్చుంటుంది, మన దగ్గర అమ్మేవి అమెరికా అమరికవి. సెట్టింగుల్లో దాన్ని మార్చి, దేశం ఇండియా అని చెప్పాలి. దేశం చెప్పేదాకా వైఫై కూడా మొరాయించవచ్చు. ఏ దేశంలో ఏ రేడియో చానళ్లు వాడొచ్చో దానికి తెలియాలి కదా.

తెలుగు పేజీల్లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్ల ప్యాకేజీ వేసుకోవాలి. ఇందులో నడిచే సిస్టమ్‌కు మూలం డెబియన్ లినక్స్. దాని భాండాగారంలో పోతన2000, వేమన2000 ఫాంట్లు కూడా ఉచితంగా ఉన్నాయి.

తొలివారం ఫిర్యాదుల్లో సగం కరెంటు దగ్గరే తేలతాయి. ఇంట్లో ఫోను చార్జర్ 65 వాట్లది ఉండగా అడాప్టర్‌కు వేరే డబ్బెందుకు అనిపిస్తుంది. లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. ఫాస్ట్ చార్జర్లు వోల్టేజీని 9కో 20కో పెంచి ఆ వాట్లు ఇస్తాయి. 5 వోల్టుల దగ్గర సాధారణంగా 3 ఆంపియర్లకు మించి ఇవ్వవు. పై 5 అడిగేది 5 వోల్టుల దగ్గరే 5 ఆంపియర్లు. 3 ఆంపియర్ల చార్జర్ పెడితే లేస్తుంది గానీ యూఎస్‌బీ సాకెట్లకిచ్చే కరెంటుకు కత్తెర వేస్తుంది. ఫలితంగా బయటి హార్డ్‌డిస్క్ పెట్టగానే అది మాయమవుతూ వస్తూ ఉంటుంది. పై 4కు 3 ఆంపియర్లు చాలు. స్క్రీన్ మూల మెరుపు గుర్తు గానీ, కరెంటు చాలడం లేదన్న హెచ్చరిక గానీ కనిపిస్తే ప్రోగ్రామ్‌ను అనుమానించకుండా ముందు అడాప్టర్, కేబుల్ మార్చి చూడాలి.

ఇక పిన్నుల సంగతి. ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ లేని సదుపాయం ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడదాం.

ఒక ఎల్‌ఈడీ, ఒక 330 ఓమ్‌ల రెసిస్టర్, రెండు జంపర్ వైర్లు, ఒక బ్రెడ్‌బోర్డు తీసుకోవాలి. రెసిస్టర్ మీద నారింజ, నారింజ, గోధుమ రంగు పట్టీలుంటాయి. ముందు పైని షట్‌డౌన్ చేసి అడాప్టర్ తీసేయాలి. కార్డు పెట్టే వైపు నుంచి పిన్నులు లెక్కపెడితే, బోర్డు అంచు వైపున్న వరుసలో మొదటి రెండూ 5 వోల్టులవి. వాటి జోలికి వెళ్లొద్దు. మిగతా పిన్నులు భరించేది 3.3 వోల్టులే. పొరపాటున 5 వోల్టులు తగిలితే చిప్పు పోతుంది, దానికి మందు లేదు. లోపలి వరుసలో అయిదోది గ్రౌండ్, ఆరోది జీపీఐఓ 17, అంటే ప్రోగ్రామ్ చెప్పినట్టు నడిచే పిన్ను. ఆరో పిన్ను నుంచి వైరు రెసిస్టర్‌లోకి, అక్కడి నుంచి ఎల్‌ఈడీ పొడవు కాలికి వెళ్లాలి. పొట్టి కాలి నుంచి వైరు అయిదో పిన్నుకు రావాలి.

తిరగేసి పెడితే లైటు వెలగదు, అంతే. మళ్లీ మార్చి పెట్టుకోవచ్చు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. చిప్పు లెక్కలో 17 అన్నది వేరు, పిన్నుల వరుస లెక్కలో 17 వేరు. రెండు వరుసలనూ జతలు జతలుగా కలిపి లెక్కపెడితే, జీపీఐఓ 17 ఉన్నది 11వ పిన్ను దగ్గర. 17వ పిన్ను దాకా లెక్కపెట్టి వైరు పెట్టినవాళ్లకు అడాప్టర్ తగిలించగానే లైటు వెలుగుతుంది, సంబరపడతారు. ప్రోగ్రామ్ రాసి ఆపమంటే మాత్రం ఆగదు. ఎందుకంటే అక్కడున్నది ఎప్పుడూ 3.3 వోల్టులు వచ్చే పిన్ను.

వైర్లు మళ్లీ చూసుకుని కంప్యూటర్ లేపి, థానీ అనే ఎడిటర్‌లో పైథాన్ భాషలో నాలుగైదు వరుసలు రాస్తే ఎల్‌ఈడీ సెకనుకోసారి వెలిగి ఆరుతుంది. బల్బు వెలిగించడం గొప్పేమీ కాదు, స్విచ్ వేస్తే ఎవరైనా వెలిగిస్తారు. కానీ సెకను అన్నచోట అర సెకను అని మార్చగానే లైటు హడావిడి పడటం పదేళ్ల పిల్లకు కళ్లెదుట కనిపిస్తుంది. అక్కడి నుంచి బటన్, బజర్, ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ దాకా దారి నున్నగానే ఉంటుంది. మోటారును మాత్రం నేరుగా పిన్నుకు తగిలించకూడదు. అంత కరెంటు పిన్ను ఇవ్వలేదు, మధ్యలో డ్రైవర్ బోర్డు ఉండాలి. ఇంటి 230 వోల్టుల లైన్ జోలికి పిల్లలు అసలు వెళ్లకూడదు.

బోర్డు ఇలా దిగంబరంగా ఉండటం వల్ల 2015లో ఒక తమాషా జరిగింది. అప్పుడే వచ్చిన పై 2ను కెమెరా ఫ్లాష్‌తో ఫొటో తీస్తే టక్కున ఆగిపోయేది. జెనాన్ ఫ్లాష్ వెలుతురు తగలగానే కరెంటు సరఫరా చూసే ఒక చిన్న చిప్పు గందరగోళపడేది. ఫొటో అంటే సిగ్గుపడే కంప్యూటర్ అని నవ్వుకున్నారు గానీ, నష్టమేమీ జరగలేదు. మళ్లీ కరెంటు ఇస్తే లేచేది.

వేసవిలో మన ఇళ్లలో దీనికి నిజమైన ఇబ్బంది వేడి. చిప్పు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పై 5ను మూసిన డబ్బాలో పెట్టి ఫ్యాన్ లేకుండా నడిపితే అది నత్తనడక నడవడంలో ఆశ్చర్యం లేదు. కిట్‌లో ఫ్యాన్ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. కరెంటు కోతలు ఇంకో తలనొప్పి. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడవచ్చు. ఇన్వర్టర్ లైన్ ఉన్న ప్లగ్గుకు పెట్టుకుంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

కార్డు చెడినా ఇల్లు మునగదు. మళ్లీ ఇమేజర్ తెరిచి కార్డు రాసుకుంటే పావుగంటలో కొత్త కంప్యూటర్ వచ్చినట్టే. దాచుకోవాల్సిన ప్రోగ్రాములను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోవడం అలవాటైతే చాలు. తెలివైనవాళ్లు రెండు కార్డులు పెట్టుకుంటారు. ఒకటి బుద్ధిగా ఉండేది, రెండోది ఇష్టమొచ్చినట్టు ఆడుకునేది. సిస్టమ్ ఫైళ్లు చెరిపేస్తే ఏమవుతుందో చూడాలని పిల్లాడికి సరదా పుడితే, ఆ రెండో కార్డు మీద చూడనివ్వొచ్చు. కుటుంబ ల్యాప్‌టాప్ మీద ఆ ముచ్చట ఎవరూ తీర్చరు.

సైన్సు ఫెయిర్ల పుణ్యమా అని చాలామంది మొదటి పెద్ద ప్రాజెక్టు ఒకటే ఉంటుంది: మట్టి ఆరిపోతే మొక్కకు నీళ్లు పెట్టే యంత్రం. ఇక్కడ పై ఒక షాక్ ఇస్తుంది. మట్టిలో గుచ్చే చౌక తేమ సెన్సర్ ఇచ్చేది కొద్దికొద్దిగా పెరిగే, తరిగే వోల్టేజీ. పై పిన్నులకు తెలిసింది ఉంది, లేదు అనే రెండు మాటలే. తేమ ఎంతో కొలవాలంటే మధ్యలో ఎంసీపీ3008 లాంటి చిప్పు పెట్టాలి. లేదా ఇందాక వద్దన్న పికోను ఇప్పుడు కొనాలి. అలాంటి వోల్టేజీని చదివే పిన్నులు దానికి మూడున్నాయి. పై మీద థానీలోనే ప్రోగ్రామ్ రాసి, యూఎస్‌బీ కేబుల్‌తో పికోలోకి ఎక్కించేయవచ్చు. ఆ తర్వాత పికో పెరట్లో కుండీ దగ్గర ఉంటుంది, పై టీవీ పక్కనే ఉండిపోతుంది.