పాల క్యానుకు తుప్పు: తొలగించు విధము, రాకుండ జాగ్రత్తలు

పట్టిసీమ రేవులో పడవను కట్టు ఇనుప గొలుసుకు తుప్పు పట్టుట మనమెరిగినదే. ఇనుము నీటిలో నానిన తుప్పు పట్టును. అందులో వింత లేదు. కాని ఎన్నటికిని తుప్పు పట్టదని నమ్మి కొన్న స్టెయిన్‌లెస్ స్టీలు పాల క్యాను అడుగున ఎర్రని చుక్కలు కనుపించినపుడు రైతు ఆశ్చర్యపడును. అమ్మినవాడు మోసగించెనని తలచును. ఒక్కొక్కపుడు అది నిజమే కావచ్చును. అయితే చాలవరకు దోషము క్యానును కడుగు పద్ధతిలోనే యుండును.

ఈ చుక్కలను చులకనగా చూడరాదు. తుప్పు క్రింద లోహము గుంటపడును. గుంటలో పాలజిడ్డు చేరి, పాలను పులియజేయు సూక్ష్మజీవులు పెరుగును. పైకి శుభ్రముగా కనుపించు క్యానులో పోసిన పాలు కూడ కేంద్రము చేరులోగా పాడుకావచ్చును. రైతు ఒక పూట పాల డబ్బు నష్టపోవును.

స్టీలును కాపాడునది ఏది?

1913 లో ఇంగ్లాండునందలి షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ అను లోహ శాస్త్రజ్ఞుడు తుపాకీ గొట్టములకు తగిన ఉక్కును వెదకుచు, ఇనుములో క్రోమియము కలిపి ఈ రకపు ఉక్కును తయారుచేసెను. క్రోమియము కనీసము 10.5 శాతము ఉన్నచో, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఉక్కుపై కంటికి కనుపించని పలుచని పొర ఏర్పడును. ఆ పొరయే కవచము. గీత పడినను, గాలి తగిలిన మరల తనంతట తానే ఏర్పడును. మురికి, తడి, ఉప్పు పేరుకొని గాలి తగలనిచోట మాత్రము పొర చెడి తుప్పు ఆరంభమగును.

పట్టిసీమ ధవళేశ్వరము ఆనకట్టకు ఎగువనున్నది. సముద్రపు పోటు ఇంత దూరము రాదు. ఇచ్చటి గోదావరి నీరు తీపినీరు. కావున తప్పు నదిది కాదు; మన అలవాట్లను పరిశీలించుకొనవలెను.

చేయకూడని పనులు

ఇత్తడి బిందెను చింతపండు, ఉప్పు వేసి తోముట మన ఇండ్లలో పాత అలవాటు. ఇత్తడికి అది మంచిదే. స్టీలుకు ఆ ఉప్పే శత్రువు. ఉప్పులోని క్లోరైడు కవచమును ఛేదించి గుంటలు చేయును. బ్లీచింగు పొడి నీటిని రాత్రంతయు క్యానులో ఉంచుట, మ్యూరియేట్ ఆఫ్ పొటాషు ఎరువును స్టీలు పాత్రలో కలుపుట కూడ ఇట్టి హానియే చేయును. ఇనుప పీచుతో తోమినచో దాని తునకలు అంటుకొని అవియే ముందు తుప్పు పట్టును. ఇసుక, ఇటుక పొడి లోహమును గీరి మురికి నిలుచుటకు తావిచ్చును.

తుప్పు తీయు విధము

1. క్యానును సబ్బునీటితో కడిగి జిడ్డు పోగొట్టవలెను. వరద రోజుల ఎర్రనీటి ఒండ్రు ఆరి మిగిలిన మరక అయినచో దీనితోనే పోవును.

2. చుక్కలు నిలిచినచో వంటసోడాను కొద్ది నీటితో ముద్దచేసి, మెత్తని గుడ్డతో లోహపు గీతల వాటమున రుద్దవలెను.

3. అప్పటికిని పోనిచో లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాముల నిమ్మఉప్పు కరిగించి, చుక్కలు మునుగునట్లు పోసి 20 నిమిషములు ఉంచవలెను. పేరులో ఉప్పు ఉన్నను ఇది వంట ఉప్పు కాదు, సిట్రిక్ ఆమ్లము. ఇది తుప్పును, అంటిన ఇనుప తునకలను కరిగించి కవచము మరల ఏర్పడుటకు తోడ్పడును.

4. మంచినీటితో రెండు మూడు మారులు కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను.

హెచ్చరిక: నిమ్మఉప్పును గాని, మరే ఆమ్లమును గాని బ్లీచింగు పొడితో కలుపరాదు. ప్రాణాపాయమైన క్లోరిన్ వాయువు వెలువడును.

రాకుండ జాగ్రత్తలు

పాలు ఖాళీచేసిన వెంటనే చన్నీటితో తొలిచి, పిమ్మట వేడినీరు, సబ్బుతో కడుగవలెను. తోముటకు కొబ్బరి పీచు చాలును. మూత అంచు, అడుగు అతుకు, పిడి మొదళ్లు మరువరాదు. తుప్పు మొదట అచ్చటనే తలయెత్తును. బ్లీచింగు నీరు వాడవలసి వచ్చినచో పలుచగా కలిపి, కొద్ది నిమిషములలోనే పారబోసి మంచినీటితో కడుగవలెను. మూత తీసి, గాలి ఆడునట్లు క్యానును బల్లపై బోర్లించి ఎండలో ఆరబెట్టవలెను. అంతర్వేది, నరసాపురము వైపు ఉప్పుగాలి తగులు గ్రామములవారు వెలుపలి భాగమును కూడ తరచు మంచినీటితో కడిగి తుడువవలెను.

కొనునపుడు

పాలకు 304 రకము మేలైనది. అందులో సుమారు 18 శాతము క్రోమియము, 8 శాతము నికెలు ఉండును. చౌకగా దొరకు 200 శ్రేణి రకములలో నికెలు తగ్గించి మాంగనీసు కలుపుదురు. ఇవి తుప్పుకు త్వరగా లొంగును. అయస్కాంతము అంటనంతమాత్రమున మంచి రకమని నమ్మరాదు, ఈ చౌక రకములకును సాధారణముగా అది అంటదు. రకము పేరు రసీదుపై వ్రాయించుకొనుట మంచిది.

తుప్పు తీసిన పిదప చేతితో తడిమి చూడవలెను. గోటికి తగులు గుంట ఉన్నచో ఆ క్యానులో ఇక పాలు పోయరాదు. దానిని దాణా నిలువకు వాడుకొనవచ్చును. గుంట పడకముందే మేల్కొన్న రైతుకు మాత్రము కొత్త క్యాను ఖర్చు తప్పును. దానికి కావలసినది రోజూ కొద్ది నిమిషముల శ్రమ, కొబ్బరి పీచు, పొడిగుడ్డ మాత్రమే.